చదవడం అయింది సరే, పుస్తకం మూశాక ఏం మిగిలింది?

"ఎంత చదివినా గుర్తుండటం లేదు." డిగ్రీలోనో పీజీలోనో చేరిన కొత్తలో ఈ మాట అనని విద్యార్థి అరుదు. అది వినగానే చుట్టూ ఉన్నవాళ్లు ఇచ్చే సలహా కూడా దాదాపు ఒకటే: ఇంకోసారి చదువు, ఇంకా శ్రద్ధగా చదువు, పొద్దున్నే లేచి చదువు. అంటే లోపం నీలోనే ఉంది, నువ్వు పడే కష్టం చాలడం లేదు అని తీర్పు చెప్పేసినట్టే. ఈ తీర్పు మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది, ఎందుకంటే గంటల తరబడి కూర్చుని, నిజంగా కష్టపడి, అయినా ఫలితం రాక చివరికి తమ తెలివి మీదే నమ్మకం పోగొట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను. వాళ్లకు తక్కువైంది శ్రమ కాదు. ఆ శ్రమ పడాల్సిన చోట పడలేదు.

"గుర్తుండటం లేదు" అనేది జ్వరం లాంటి మాట. జ్వరం ఉందని తెలిసినంత మాత్రాన కారణం తెలిసినట్టు కాదు. ఈ ఒక్క ఫిర్యాదు కింద కనీసం నాలుగు వేర్వేరు ఇబ్బందులు ఉంటాయి. చదివేటప్పుడు అర్థమైనట్టే అనిపించింది, నిజానికి కాలేదు. లేదా, ఆ విషయానికి ముందు తెలిసి ఉండాల్సింది తెలియక మొదటి పేజీలోనే దారి తప్పింది. లేదా, చదవాల్సింది కొండంత ఉంటే అన్నిటినీ ఒకే తీరున చదవబోయి ఏదీ పూర్తికాలేదు. లేదా, బాగానే అర్థమైంది కానీ నెల తిరిగేసరికి పోయింది. నాలుగింటికీ మందులు వేరు. మళ్లీ మళ్లీ చదవడం అనే ఒకే మందును అందరూ అన్నిటికీ వాడుతుంటారు, అది వీటిలో దేనికీ సరిగ్గా పనిచేయదు.

గుర్తుపట్టడం వేరు, గుర్తు తెచ్చుకోవడం వేరు

మొదటి ఇబ్బందితోనే మొదలుపెడతాను, అన్నిటికంటే ఎక్కువగా మోసం చేసేది అదే కాబట్టి. దారిలో ఒకాయన ఎదురవుతాడు, "ఈయన్ని ఎక్కడో చూశానే" అనిపిస్తుంది, పేరు మాత్రం ఎంతకీ రాదు. ముఖం గుర్తుపట్టడం ఒక పని, పేరు గుర్తు తెచ్చుకోవడం ఇంకో పని, మొదటిది వచ్చినంత తేలిగ్గా రెండోది రాదు. ఒక అధ్యాయాన్ని రెండోసారి, మూడోసారి చదువుతున్నప్పుడు మనం చేసేదంతా ముఖం గుర్తుపట్టడమే. వాక్యాలు తెలిసినవిగా కనిపిస్తాయి, కళ్లు జారుతున్నట్టు ముందుకు సాగుతాయి, ఆ సాఫీతనాన్ని మనసు "నాకిది వచ్చేసింది" అని లెక్క వేసుకుంటుంది. పరీక్షలో గానీ, ప్రాజెక్టు మధ్యలో గానీ, ఎవరైనా ఎదురుగా కూర్చుని అడిగినప్పుడు గానీ ముఖం మన ముందుండదు. పేరే అడుగుతారు.

దీన్ని హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పిక్కీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో చాలా స్పష్టంగా చూపించారు. కాలేజీ విద్యార్థులకు ఒక వ్యాసం ఇచ్చి, ఒక బృందాన్ని నాలుగు విడతలూ చదువుతూనే ఉండమన్నారు. ఇంకో బృందాన్ని మొదటి విడత చదవమని, మిగతా మూడు విడతల్లో కాగితం మీద గుర్తున్నంత రాయమన్నారు. మొదటి బృందం ఆ వ్యాసాన్ని సగటున 14 సార్లు చదివింది, రెండోది మూడు నాలుగు సార్లే. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లే ముందున్నారు, 83 శాతం ఒకవైపు, 71 శాతం ఇంకోవైపు. వారం తర్వాత అడిగేసరికి లెక్క పూర్తిగా తిరగబడింది: చదువుతూ ఉన్నవాళ్లకు 40 శాతం గుర్తుంటే, రాసి చూసుకున్నవాళ్లకు 61 శాతం గుర్తుంది. ఇందులో నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది ఇంకొకటి. వారం తర్వాత ఎంత గుర్తుంటుందని ముందే అడిగినప్పుడు, ఎక్కువ ధీమాగా చెప్పింది పదే పదే చదివినవాళ్లే. తప్పుదారి పట్టిస్తున్న పద్ధతే ఎక్కువ నమ్మకాన్ని కూడా ఇస్తోంది. అందుకే విద్యార్థులు దాన్ని వదలలేరు, పైగా పరీక్ష ముందు రాత్రి చదివి పొద్దున్నే రాసినప్పుడు అది పనిచేసినట్టే కనిపిస్తుంది.

హైలైటర్ సంగతీ ఇంతే. డిగ్రీ రెండో ఏడాదిలో నా పుస్తకాలు తెరిస్తే పేజీకి సగం పసుపు రంగే ఉండేది. గీత గీస్తున్నప్పుడు ఏదో పని జరుగుతున్నట్టు, విషయం చేతికి చిక్కినట్టు ఉండేది. నిజానికి "దీన్ని తర్వాత నేర్చుకోవాలి" అని గుర్తు పెట్టుకోవడం తప్ప అందులో ఏమీ లేదు, ఆ తర్వాత అనేది ఎప్పుడూ రాలేదు. జాన్ డన్లోస్కీ, ఆయన సహచరులు 2013లో విద్యార్థులు వాడే పది పద్ధతుల మీద వచ్చిన పరిశోధనలన్నీ ముందేసుకుని బేరీజు వేశారు. గీతలు గీయడం, తిరిగి చదవడం రెండూ అందులో తక్కువ ఉపయోగం ఉన్నవాటిలో చేరాయి. ఎక్కువ ఉపయోగం ఉన్నవిగా తేలినవి రెండే: తమను తాము పరీక్షించుకోవడం, చదువును రోజుల మీద విడగొట్టి చదవడం.

ఒక్క వాక్యాన్ని దగ్గరగా చూద్దాం. జీవరసాయన శాస్త్రం పుస్తకాల్లో ఇలాంటి మాట తప్పకుండా ఉంటుంది: ఎంజైమ్ యాక్టివేషన్ ఎనర్జీని (చర్య జరగడానికి దాటాల్సిన శక్తి అడ్డును) తగ్గించి చర్య వేగాన్ని పెంచుతుంది, కానీ సమతాస్థితిని (చివరికి ఏది ఎంత మిగులుతుందన్న లెక్కను) మార్చదు. చదవగానే తల ఊపుతాం. అర్థం తెలియని పదం లేదు, వాక్యం కూడా చిన్నదే, ముందుకు వెళ్లిపోతాం. ఇప్పుడు పుస్తకం మూసి ఒక కాగితం తీసుకుని, వేగం పెరిగినా సమతాస్థితి ఎందుకు మారదో రాయండి. చాలామంది పెన్ను ఇక్కడే ఆగిపోతుంది. చర్య వేగంగా జరిగితే ఉత్పన్నం ఎక్కువ రావాలి కదా అన్న సందేహం మొదటిసారి అప్పుడే పుడుతుంది, చదువుతున్నప్పుడు పుట్టలేదు. ఆ సందేహంతో పుస్తకం తెరిస్తే అదే పేరా వేరేలా కనిపిస్తుంది. ఒక ఊరు ఎత్తులో, ఇంకో ఊరు పల్లంలో ఉన్నాయనుకోండి, మధ్యలో కొండ ఉంది. ఆ కొండకు సొరంగం తవ్వితే ఇటువాళ్లు అటు వెళ్లడమూ సులువవుతుంది, అటువాళ్లు ఇటు రావడమూ సులువవుతుంది, కానీ రెండు ఊళ్ల ఎత్తుల్లో తేడా ఎంతుందో అంతే ఉంటుంది. ఎంజైమ్ చేసేది ఆ సొరంగం తవ్వడమే. ముందుకు వెళ్లే చర్యకూ వెనక్కి వచ్చే చర్యకూ అడ్డు ఒకే మేరకు తగ్గుతుంది కాబట్టి చివరికి ఏది ఎంత మిగలాలన్నది మారదు, అక్కడికి త్వరగా చేరడమే మారుతుంది. ఇంత అర్థం ఆ చిన్న వాక్యంలోనే ఉంది. పది సార్లు చదివినా అది బయటపడేది కాదు, ఎందుకంటే ప్రతిసారీ అది "తెలిసిన వాక్యం" లాగే కనిపిస్తుంది.

కాబట్టి నేను చెప్పే మొదటి పని చాలా మామూలుది. రెండు మూడు పేజీల చిన్న భాగం చదవండి, పుస్తకం మూయండి, చూడకుండా నాలుగు లైన్లు రాయండి. తర్వాత తెరిచి వేరే రంగు పెన్నుతో తప్పులు దిద్దండి, వదిలేసినవి చేర్చండి. ఆ రెండో రంగులో ఉన్నదే మీకు రానిది, రేపు చదవాల్సింది అదే. మొదటి వారం ఇది చాలా ఇబ్బందిగా ఉంటుంది. ఇప్పుడే చదివింది కూడా సగం రాకపోతే టెన్షన్ పుడుతుంది, తిరిగి హైలైటర్ వైపు చెయ్యి పోతుంది. ఆ ఇబ్బందిని ఓడిపోయినట్టు తీసుకోకండి. గుర్తు తెచ్చుకోవడానికి పడే ఆ తంటా వల్లే జ్ఞాపకం గట్టిపడుతుంది, అది లేకుండా సాఫీగా సాగిందంటే అక్కడ పెద్దగా నేర్చుకున్నదేమీ లేదనే అనుమానించాలి.

పేజీ పక్కన ఖాళీలో రాసుకునే అలవాటు ఉన్నవాళ్లు జవాబులు కాకుండా ప్రశ్నలు రాసుకోండి. "ఎంజైమ్, సమతాస్థితి" అని రాసుకుంటే అది ఇంకో గీత లాంటిదే. "వేగం పెరిగితే సమతాస్థితి ఎందుకు మారదు?" అని రాసుకుంటే, మళ్లీ ఆ పేజీ తెరిచినప్పుడు చేత్తో పేరా మూసి ముందు జవాబు చెప్పుకోవచ్చు. చదవడం గురించి ఎక్కడ వెతికినా కనిపించే ఐదంచెల పద్ధతి ఒకటుంది: పైపైన చూడు, ప్రశ్న వేసుకో, చదువు, చూడకుండా చెప్పుకో, కొన్నాళ్లకు తిరిగి చూడు. ఇది 1946లో ఫ్రాన్సిస్ రాబిన్సన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త ప్రచారంలోకి తెచ్చింది. పద్ధతి మంచిదే. కానీ దాన్ని పాటిస్తున్నామనే విద్యార్థుల్లో చాలామంది మొదటి మూడు అంచెలు చేసి చివరి రెండూ వదిలేస్తారు, సమయం లేదంటారు. ఎక్కువ ఫలితం వచ్చేది ఆ చివరి రెండింటి నుంచే. నిజంగా సమయం లేకపోతే ముందు అంచెలు కుదించుకోండి, వాటిని మాత్రం వదలకండి.

మొదటి పేజీలోనే దారి తప్పినప్పుడు

ఇప్పుడు రెండో ఇబ్బంది. ఇది చాలామంది తమలో ఉందని గుర్తించని ఇబ్బంది, ఎందుకంటే బయటికి ఇది కూడా "నాకు తెలివి లేదు" అనే రూపంలోనే కనిపిస్తుంది.

1972లో జాన్ బ్రాన్స్‌ఫర్డ్, మార్సియా జాన్సన్ ఒక చిన్న పేరా రాశారు. అందులో పదాలన్నీ తేలికైనవే: ముందు వస్తువులను కుప్పలుగా విడదీయాలి, ఒకేసారి ఎక్కువ పెట్టకూడదు, పని అయ్యాక మళ్లీ విడదీసి ఎక్కడివక్కడ సర్దాలి, ఈ తీరున సాగుతుంది. విన్నవాళ్లకు తలా తోకా తెలియలేదు, తర్వాత పెద్దగా గుర్తు కూడా లేదు. ఇంకో బృందానికి వినడానికి ముందే, ఇది బట్టలు ఉతకడం గురించి అని చెప్పారు. వాళ్లకు అర్థమూ అయింది, దాదాపు రెట్టింపు గుర్తుంది. మూడో బృందానికి పేరా మొత్తం విన్నాక ఆ మాట చెప్పారు, దానివల్ల ఏ లాభమూ లేకపోయింది. తాళంచెవి ముందు చేతిలో ఉండాలి. లోపలికి వెళ్లలేక వెనుదిరిగాక ఇస్తే దాంతో పనిలేదు.

యూనివర్సిటీ స్థాయి పుస్తకాలు చాలావరకు మన చేతిలో ఆ తాళంచెవి ఉందనుకునే రాస్తారు. రాసినవాళ్లకు అది ఎంత అలవాటైపోయిందంటే, దాన్ని చెప్పాలన్న సంగతే తట్టదు. 1988లో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ చేసిన ఒక అధ్యయనం కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. బేస్‌బాల్ ఆట గురించి రాసిన ఒక కథనాన్ని పిల్లలతో చదివించారు. చదవడంలో వెనకబడినవాళ్లే అయినా ఆట బాగా తెలిసిన పిల్లలు, చదవడంలో చురుకైనవాళ్లయినా ఆట తెలియని పిల్లల కంటే బాగా అర్థం చేసుకున్నారు. "చదివే నైపుణ్యం" అని మనం విడిగా చెప్పుకునేదాంట్లో పెద్ద భాగం ఆ విషయం గురించి ముందే తెలిసి ఉండటమే.

అందుకే కష్టమైన అధ్యాయం ముందు గంటసేపు తల పట్టుకునే బదులు, అదే విషయం మీద బాగా తేలికైనది ఏదైనా ముందు చదవండి. స్కూలు పాఠ్యపుస్తకం, విజ్ఞాన సర్వస్వంలో ఒక వ్యాసం, పది నిమిషాల వీడియో, ఏదైనా సరే. దీనికి సిగ్గుపడేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. పీజీ చదువుతూ పదో తరగతి పుస్తకం తెరవడం చిన్నతనం అనుకుంటారు, కానీ ఇరవై నిమిషాల ఆ పని తర్వాతి మూడు గంటలను కాపాడుతుంది. ఆ తర్వాత అధ్యాయానికి వచ్చి శీర్షికలు, బొమ్మలు, పట్టికలు, చివర ఉన్న ప్రశ్నలు ఒకసారి తిరగేయండి. దాన్ని చదవడం కింద లెక్కేయొద్దు, తాళంచెవి వెతుక్కోవడం కింద లెక్కేయండి.

మాతృభాష కాని భాషలో పైచదువు చదివేవాళ్లకు ఇదే ఇబ్బంది రెండింతలు. 2000లో హూ, నేషన్ అనే పరిశోధకులు రెండో భాషలో చదివేవాళ్ల మీద చేసిన పరిశీలనలో, ఎవరి సాయమూ లేకుండా ఒక రచన హాయిగా అర్థం కావాలంటే అందులో 98 శాతం పదాలు తెలిసి ఉండాలని తేలింది. 98 అంటే వినడానికి చాలా ఎక్కువ అనిపిస్తుంది గానీ లెక్క వేసి చూడండి: పేజీకి 400 పదాలుంటే తెలియనివి 8. అదే 95 శాతమే తెలిస్తే పేజీకి 20 పదాలు తెలియవు, అప్పుడు ప్రతి రెండు లైన్లకు ఒకసారి ఆగాల్సిందే. అలాగని ప్రతి పదానికీ నిఘంటువు తెరిస్తే పేరా తెగిపోతుంది. శీర్షికలో ఉన్న పదం, నిర్వచనంలో వచ్చిన పదం, ఒకే పేజీలో మూడోసారి ఎదురైన పదం, వీటిని వదలొద్దు. మిగతావి ప్రస్తుతానికి దాటిపోవచ్చు. ఇంకొక మాట, పుస్తకం ఏ భాషలో ఉన్నా, మూశాక రాసే నాలుగు లైన్లు మొదటిసారి మీకు బాగా వచ్చిన భాషలోనే రాయండి. అరువు వాక్యాలు దాక్కోవడానికి అక్కడ చోటుండదు. నిజంగా అర్థమైతేనే మన భాషలో నోటికొస్తుంది. పరీక్ష భాషలో చెప్పడం ఆ తర్వాతి పని, అది విడిగా సాధన చేయాలి.

అన్నీ ఒకే తీరున చదవలేం

మూడో ఇబ్బంది, చదవాల్సింది కొండంత ఉండటం. లెక్క సూటిగా వేద్దాం. మార్క్ బ్రైస్‌బార్ట్ 2019లో ఎన్నో అధ్యయనాలను కలిపి చూస్తే, పెద్దవాళ్లు ఇంగ్లీషులో మామూలు సమాచార రచనలను మౌనంగా చదివే వేగం నిమిషానికి సగటున 238 పదాలని తేలింది. వారానికి 200 పేజీలు చదవమన్నారనుకోండి, పేజీకి 400 పదాల చొప్పున 80,000 పదాలు, అంటే ఆ వేగంతో ఐదున్నర గంటలకు పైనే. కానీ అది తేలిక రచనల వేగం, పైగా మొదటి భాషలో చదివేవాళ్లది. చిక్కటి పాఠానికి రెట్టింపు పడుతుందనుకున్నా పదకొండు గంటలు దాటుతుంది, అందులో రాసి చూసుకునే సమయం ఇంకా కలపలేదు. ఇది సోమరితనం సమస్య కాదు, కూడికల సమస్య.

ఇక్కడికి రాగానే చాలామంది స్పీడ్ రీడింగ్ కోర్సుల వైపు చూస్తారు. వద్దని గట్టిగా చెబుతాను. చదివేటప్పుడు కన్ను లైను మీద సాఫీగా జారదు, చిన్న చిన్న గెంతులు వేస్తుంది, ఒక్కో చోట సెకనులో నాలుగో వంతు ఆగుతుంది, మనం చూసేది ఆ ఆగినప్పుడే. స్పష్టంగా కనిపించేది కూడా చూపు మధ్యలో ఉన్న కొద్ది అక్షరాలే కాబట్టి పేజీ మొత్తాన్ని ఒక్క చూపులో పట్టేయడం కంటికి సాధ్యమయ్యే పని కాదు. ఆ గెంతుల్లో పదింట ఒకటి, అంతకంటే కాస్త ఎక్కువ, వెనక్కి వేసేవి. స్పీడ్ రీడింగ్ నేర్పేవాళ్లు దీన్నే చెడ్డ అలవాటంటారు. కానీ అర్థం తప్పినప్పుడు మనం దాన్ని సరిచేసుకునేది ఆ వెనక్కి చూడటంతోనే. కళ్ల కదలికల మీద జీవితకాలం పనిచేసిన కీత్ రేనర్, ఆయన సహచరులు 2016లో ఈ పరిశోధనలన్నీ సమీక్షించి, వేగం పెంచితే అర్థం తగ్గకుండా ఉండదని తేల్చి చెప్పారు. వేగంగా చదవగలిగేది ఆ విషయం ముందే బాగా తెలిసినవాళ్లు, అది కంటి విద్య కాదు.

మరి దారేంటంటే, దేన్ని ఎంత లోతుగా చదవాలో ముందే నిర్ణయించుకోవడం. కొన్ని అధ్యాయాల నుంచి మీకు కావాల్సింది ఒక నిర్వచనం, ఒక పట్టిక. కొన్నిటిలో వాదన అర్థమైతే చాలు. కోర్సు మొత్తానికీ ఒకటో రెండో మాత్రమే అక్షరం వదలకుండా, పెన్సిల్ పట్టుకుని చదవాల్సినవి. ఈ మూడింటినీ ఒకేలా చదివేవాళ్లు మూడోదానికి వచ్చేసరికి అలసిపోయి ఉంటారు.

పరిశోధన పత్రాలు చదవాల్సి వచ్చినప్పుడు ఈ తేడా మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కథ చదివినట్టు మొదటి అక్షరం నుంచి మొదలుపెడితే పద్ధతుల విభాగంలో ఇరుక్కుపోతారు. కంప్యూటర్ శాస్త్రవేత్త ఎస్. కేశవ్ 2007లో దీనికోసం మూడు విడతల పద్ధతి ఒకటి రాశారు, అది ఇతర శాస్త్రాలవాళ్లకూ పనికొస్తుంది: మొదటి విడత ఐదు పది నిమిషాలు, శీర్షికలు, సారాంశం, పరిచయం, ముగింపు చూసి ఇది మనకు కావాల్సిందా కాదా తేల్చుకోవడం. రెండో విడత గంట వరకు, బొమ్మలు, గ్రాఫులు జాగ్రత్తగా చూస్తూ, నిరూపణల వివరాలు వదిలేసి చదవడం. మూడోది ఆ పనిని మనమే మళ్లీ చేస్తున్నట్టు ఊహించుకుంటూ చదవడం, కొత్తవాళ్లకు దీనికి నాలుగైదు గంటలు పడుతుంది. చాలా పత్రాలకు మొదటి విడతే చాలు. నేనైతే పరిచయంలో చివరి పేరా వదలకుండా చూడమంటాను, రచయితలు ఏం చేశారో సాధారణంగా అక్కడే సూటిగా చెబుతారు. ఆ తర్వాత గ్రాఫు చూసి, కింద రాసిన వివరణ చదవకముందే, ఇది ఏం చెబుతోందో మీ మాటల్లో ఒక లైను రాసుకోండి.

చరిత్ర చదివేవాళ్లకు ఇది పూర్తిగా వేరు. సామ్ వైన్‌బర్గ్ 1991లో కొందరు చరిత్రకారులకూ, కొందరు హైస్కూలు విద్యార్థులకూ ఒకే పాత పత్రాలు ఇచ్చి, చదువుతూ మనసులో మాట పైకి చెప్పమన్నారు. చరిత్రకారులు దాదాపు ప్రతిసారీ ముందు చూసింది, దీన్ని ఎవరు రాశారు, ఎప్పుడు, ఎవరి కోసం అన్నది. విద్యార్థులు ఎక్కువసార్లు పై నుంచి కిందికి చదువుకుంటూ పోయారు, రాసిందెవరో చూడకుండా. ఒకే కాగితంలో ఒకరికి సమాచారం కనిపించింది, ఇంకొకరికి ఒక మనిషి వాదిస్తూ కనిపించాడు. గణితంలో "స్పష్టమే" అన్న చోట ఆగి ఆ మెట్టు మీరే వేసి చూడాలి, ఒక్క పేజీకి గంట పట్టినా తప్పులేదు. కోర్టు తీర్పులో ముందు వెతకాల్సింది ఏ ప్రశ్న మీద కోర్టు నిర్ణయం చెప్పిందో ఆ ప్రశ్నను. కవిత్వాన్ని పైపైన తిరగేస్తే చేతికి ఏమీ రాదు. చదవడం ఎలాగో ఒక్కసారి నేర్చుకుంటే అన్నిటికీ సరిపోతుందనుకోవడం వల్లే, ఒక సబ్జెక్టులో బాగా చదివేవాళ్లు ఇంకోదాంట్లో తడబడతారు. మీ లెక్చరర్‌ను "ఏం చదవాలి" అని అడగడంతో పాటు "మీరైతే దీన్ని ఎలా చదువుతారు, ముందు ఏం చూస్తారు" అని కూడా ఒకసారి అడగండి. చాలామంది ఆనందంగా చెబుతారు, ఎవరూ అడగరు కాబట్టే చెప్పరు.

తెర మీదా, కాగితం మీదా అన్న ప్రశ్న కూడా తరచూ వస్తుంది. 54 అధ్యయనాలను కలిపి 2018లో వచ్చిన ఒక విశ్లేషణ ప్రకారం సమాచార రచనలు కాగితం మీద చదివినప్పుడు కాస్త బాగా అర్థమవుతాయి, సమయం తక్కువున్నప్పుడు ఈ తేడా ఇంకా పెరుగుతుంది. కథల విషయంలో అలాంటి తేడా కనిపించలేదు. అన్నీ ప్రింట్ తీసుకోలేం గానీ, ఆ ఒకటి రెండు ముఖ్యమైన అధ్యాయాలైనా కాగితం మీద చదవడం మంచిది. ఏఐ రాసిచ్చే సారాంశాలదీ దాదాపు ఇదే లెక్క: తాళంచెవిగా ముందు వాడుకుంటే మేలు చేస్తాయి, చదవడానికి బదులుగా వాడితే మనకు దక్కేది ముఖపరిచయం మాత్రమే. మీరు మూసిన పుస్తకం మీద నాలుగు లైన్లు రాసేది మీరే కావాలి.

అర్థమయ్యాక మరిచిపోవడం

నాలుగో ఇబ్బంది నిజానికి మంచి ఇబ్బంది, ఇక్కడి వరకు వచ్చారంటే మిగతావి దాటినట్టే. హెర్మన్ ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థం లేని అక్షరాల గుంపులను తానే బట్టీ పట్టి, ఎంత కాలానికి ఎంత పోతుందో కొలిచి 1885లో ప్రచురించాడు. మొదటి గంటలోనే సగానికి పైగా పోయింది, ఆ తర్వాత పోయే వేగం బాగా తగ్గింది. ఆ గ్రాఫునే చూపించి "మీరు చదివిందంతా ఒక్క రోజులో మాయమవుతుంది" అని భయపెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. అది అర్థం లేని అక్షరాల లెక్క అని మరవకండి. అర్థమై, ముందు తెలిసినవాటితో ముడిపడిన విషయం అంత తొందరగా పోదు. అయినా పోతుంది, అందుకే మధ్యలో విరామం ఇచ్చి తిరిగి పలకరించాలి.

ఎంత విరామం అంటే, అది మీకు ఎన్నాళ్లు గుర్తుండాలన్న దాన్ని బట్టి ఉంటుంది. నికొలస్ సెపెడా, ఆయన సహచరులు 2008లో ప్రచురించిన ప్రయోగంలో, ఏడు రోజుల తర్వాత పరీక్ష ఉన్నవాళ్లకు రెండో విడతను ఒక రోజు ఆగి చదివితే బాగా కలిసొచ్చింది. 35 రోజుల తర్వాత పరీక్ష అయితే 11 రోజులు ఆగడం మేలైంది, 70 రోజులైతే 21 రోజులు. ఈ అంకెలను యథాతథంగా పట్టుకోనక్కర్లేదు, అవి విడివిడి వాస్తవాలు నేర్చుకున్నప్పటి లెక్కలు. పోకడ గమనిస్తే చాలు: పరీక్ష దూరంగా ఉన్నకొద్దీ విరామం పెరగాలి, ఒకే రోజు నాలుగు గంటలు కూర్చోవడం కంటే నాలుగు రోజులు గంట చొప్పున కూర్చోవడం ఎక్కువ మిగులుస్తుంది.

ఇలా తిరిగి వచ్చినప్పుడు మళ్లీ మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టకండి, లేకపోతే మళ్లీ ముఖం గుర్తుపట్టే పనిలోనే పడతారు. ముందు ఖాళీ కాగితం తీసుకోండి. పోయినసారి ఈ అధ్యాయంలో ఏముందో పది నిమిషాలు రాయండి, పేజీ పక్కన వేసుకున్న ప్రశ్నలకు పేరా మూసి జవాబులు చెప్పుకోండి. వచ్చినవాటి మీద ఇక సమయం పెట్టనక్కర్లేదు. రానివి ఏ పేజీల్లో ఉన్నాయో మీకు ఇప్పుడు కచ్చితంగా తెలుసు, ముప్పై పేజీల అధ్యాయంలో అవి సాధారణంగా ఐదారు పేజీలకు మించవు. పుస్తకం అక్కడ తెరవండి.